చవక స్టోర్ బ్రాండ్ బీర్ కిట్లు: విమానం ఎక్కే ముందు మనవాళ్లు అడిగే ప్రశ్నలు

నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఆరేళ్లు ఉండి తిరుపతికి తిరిగొచ్చినవాణ్ని. అక్కడ ఉన్నన్నాళ్లూ అద్దె ఇంటి వంటగదిలో బకెట్ పెట్టి, బీర్ కిట్‌తో, అంటే ఇంట్లో బీరు చేసుకోవడానికి డబ్బాలో అమ్మే సరుకుతో, బీరు కాచాను. 'కాచాను' అని అంటున్నా గానీ కిట్‌తో చేస్తే కాచే పనే ఉండదు, అది తర్వాత చెబుతాను. ఈ సంగతి మా చుట్టాల్లో ఎలాగో పాకింది. ఇప్పుడు ప్రతి ఆగస్టులో ఎమ్మెస్‌కు బయల్దేరే పిల్లలు, అక్కడ ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పి అలిసిపోయి ఇక్కడ రాసి పెట్టాను.

అన్నా, ఒక్క మాటలో చెప్పు. సూపర్ మార్కెట్ సొంత పేరుతో అమ్మే చవక కిట్ కొనొచ్చా?

కొను. కానీ దాంతోపాటు వచ్చే కాగితంలో రాసినట్టు మాత్రం చేయొద్దు.

మన తిరుపతిలోనే చేసుకోకూడదా? చిత్తూరులో మా ఇంటి మేడ మీద గది ఖాళీగానే ఉంది.

కూడదు. గది ఖాళీగా ఉండటం కాదు ఇక్కడ సమస్య. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఆంధ్రప్రదేశ్‌లో నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది, 1995 నాటి మద్య నిషేధ చట్టం ఉంది. 'అమ్ముకోవడానికి కాదు సార్, నేను తాగడానికే' అంటే వినే సెక్షన్ ఏదీ లేదు. బీరుకు ఒక రూలు, సారాకు ఒక రూలు అని కూడా లేదు. మన పక్క జిల్లా నెల్లూరులో 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం వల్ల 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధమే వచ్చింది. రెండేళ్లకు దాన్ని సడలించారు గానీ ఇంట్లో తయారీకి తలుపు మాత్రం తెరవలేదు. పలమనేరు దాటితే కర్ణాటకే కదా అని ఒకబ్బాయి అడిగాడు. అక్కడా లైసెన్సు లేకుండా కుదరదు.

బ్రిటన్‌లో 1963 దాకా ఇంట్లో బీరు చేసుకోవాలన్నా లైసెన్సు కావాల్సిందే. ఆ ఏడాది ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశాడు. సొంతానికి ఎంతైనా చేసుకోవచ్చు, అమ్మకూడదు. అమెరికాలో 1978లో కార్టర్ సంతకంతో కేంద్ర చట్టం మారింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేదు. కాబట్టి ఈ పేజీలో ఉన్నదంతా అలాంటి దేశాల్లో, అక్కడి వయసు నిబంధనకు లోబడి చేసుకునేవాళ్ల కోసమే.

ఆ డబ్బాలో అసలు ఏముంటుంది?

తిరుపతిలో పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లేవాళ్లకు రాగి మాల్ట్ తెలియకుండా ఉండదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తే వచ్చేది అదే. మొలక వచ్చేటప్పుడు గింజలోని పిండిని తీపిగా మార్చే ఎంజైములు పుడతాయి. పిల్లలకు మొలకెత్తిన రాగుల జావ పట్టేది కూడా అందుకే, తేలిగ్గా అరుగుతుందని. బార్లీతో ఇదే పని చేసి, ఆ మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి, తీపి నీళ్లు వడకట్టి, నీరంతా ఇగిరి తేనెలా చిక్కబడేదాకా ఉంచితే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అవుతుంది. దానికి హాప్స్ అనే పూల చేదు కలిపి డబ్బాలో పోస్తారు. బీరు తయారీలో కష్టమైన సగం ఫ్యాక్టరీలోనే అయిపోయిందన్నమాట. కిట్‌తో చేస్తే కాచే పని లేదన్నది ఇందుకే.

మూత కింద 5 నుంచి 7 గ్రాముల ఈస్ట్ ప్యాకెట్ ఒకటి, ఒక కాగితం ఉంటాయి. కాగితంలో రాసేది ఇంతే: డబ్బాలోది బకెట్‌లో పోయండి, 1 కిలో చక్కెర కలపండి, 23 లీటర్లు అయ్యేదాకా నీళ్లు పోయండి, ఈస్ట్ చల్లండి.

స్టోర్ బ్రాండ్ అంటే నాసిరకమా?

కాదు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. బియ్యం అంగడివాడు సొంత పేరుతో బస్తా కుట్టించినంత మాత్రాన వాడు వరి పండించినట్టు కాదు గదా. ఏ సూపర్ మార్కెట్టూ సొంతంగా బార్లీ మొలకెత్తించదు. ఈ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ తీసే పెద్ద కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో సఫోక్ జిల్లా స్టోమార్కెట్‌లో ఉన్న మంటన్స్ వాటిలో ఒకటి. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కు చెందిన కూపర్స్ కూడా ఉంది. 1862లో పెట్టిన బీరు కంపెనీ అది, ఇప్పటికీ కిట్లు అమ్ముతోంది. బ్రిటన్‌లో మందుల షాపు బూట్స్ ఒకప్పుడు సొంత పేరుతో బీర్ కిట్లు అమ్మేది. విల్కో కూడా అమ్మేది, ఆ సంస్థ 2023లో దివాలా తీసింది.

తేడా నాణ్యతలో కంటే బరువులో ఉంది. ఖరీదైన కిట్‌లో 3 కిలోల మాల్ట్ ఇస్తారు, చక్కెర అక్కర్లేదంటారు. చవక డబ్బాలో 1.5 కిలోలే ఇచ్చి, మిగతాది చక్కెరతో నింపుకోమంటారు. మీరు మిగుల్చుకున్న డబ్బు ఎక్కడిదంటే సగం మాల్ట్ లేకపోవడంలోదే. పాలు సగం తగ్గించి నీళ్లూ చక్కెరా పోసి టీ పెట్టి, టీపొడి బాగాలేదని అంటే ఎట్లా?

అయితే చక్కెర వేస్తే ఏమవుతుంది?

ఈస్ట్ చక్కెరను పూర్తిగా తినేసి ఆల్కహాల్‌నూ గ్యాస్‌నూ వదులుతుంది. రుచి, చిక్కదనం, పైన నిలిచే నురగ, ఇవేవీ చక్కెర నుంచి రావు. మాల్ట్‌లో ఈస్ట్ తినలేని కొన్ని పిండి పదార్థాలు, ప్రోటీన్లు మిగులుతాయి. బీరు నోట్లో బీరులా అనిపించేది వాటివల్లే. అందుకే సగం చక్కెరతో చేసినది పల్చగా, కాస్త పుల్లని ఆపిల్ రసంలా ఉంటుంది. ఈ తప్పంతా చక్కెరదేనని అందరూ అంటారు. నా లెక్కలో చక్కెరది సగం తప్పే. పాత డబ్బా, పాత ఈస్ట్, ఎక్కువ వేడి కలిసి మిగతా సగం.

సరే, కాగితం ప్రకారం వద్దంటున్నావు. మరి నువ్వెట్లా చేసేవాడివి?

మూడు మార్పులు చేసేవాణ్ని. చాలామంది తెలిసినవాళ్లు చేసేదే, నేను కనిపెట్టింది ఏమీ లేదు.

నీళ్లు తగ్గించాను. 23 లీటర్లకు బదులు 19 లీటర్లే. దీనికి పైసా ఖర్చు లేదు, తేడా మాత్రం అన్నిటికంటే ఎక్కువ. నలభై పైంట్లు (పైంటు అంటే అర లీటరు కంటే కాస్త ఎక్కువ) రావాలన్న ఆశ వదులుకుంటే ముప్పైమూడు మంచి పైంట్లు వస్తాయి.

కిలో చక్కెరకు బదులు అర కిలో పొడి మాల్ట్ (అక్కడ స్ప్రే మాల్ట్ అంటారు), 300 గ్రాముల చక్కెర. 19 లీటర్లకు ఇది సరిపోతుంది.

ఈస్ట్ మార్చాను. మూత కింద ప్యాకెట్‌ను పారేయను, చెత్తబుట్టకు ముందు ఒక మెట్టు ఉంది. దాన్ని కాసిని నీళ్లలో మరిగించి చల్లార్చి బకెట్‌లోనే పోస్తే కొత్త ఈస్ట్‌కు అదే మేత. విడిగా 11 గ్రాముల ఏల్ ఈస్ట్ ప్యాకెట్ కొంటాను (ఏల్ అంటే మామూలు గది వేడిలోనే పులిసే రకం బీరు). నాటింగ్‌హామ్, ఎస్-04, యూఎస్-05 అనే ఈస్ట్ రకాలు ఎక్కడైనా దొరుకుతాయి. డబ్బా గోడౌన్‌లో ఎన్ని నెలలు ఏ వేడిలో ఉందో ఆ చిన్న ప్యాకెట్ కూడా అన్ని నెలలూ అక్కడే ఉంది. దోసె పిండికి రుబ్బిన మినప్పప్పు పాతదైతే ఎంత పెట్టినా పొంగదు కదా, అలాంటిదే ఇది.

అన్నీ కలిపితే చవక ఎక్కడుంది బావా?

ఇది మా మేనత్త కొడుకు ప్రశ్న. లెక్కల మాస్టారు గనక వదలడు. నేను చివరగా కొన్నప్పుడు డబ్బా 12 పౌండ్లు, చక్కెర ఒకటి. మొత్తం 13 పౌండ్లకు నలభై పైంట్లు, అంటే పైంటు 33 పెన్నీలు. నా పద్ధతిలో పొడి మాల్ట్‌కు 6, ఈస్ట్‌కు 4 వేసుకుంటే 22 పౌండ్లకు పైనే, ముప్పైమూడు పైంట్లు. పైంటు 67 పెన్నీలు పడింది. అప్పట్లో 3 కిలోల కిట్ 26 పౌండ్లకు వచ్చేది, నలభై పైంట్లకు 65 పెన్నీలు.

చూశారుగా. బాగుచేసిన చవక కిట్, మంచి కిట్ ఖరీదుకే వచ్చింది. బావ నవ్వాడు. ఒప్పుకుంటున్నాను, మంచి రుచి మాత్రమే కావాలంటే నేరుగా 3 కిలోల కిట్ కొనడమే తెలివి. చవక డబ్బాకు రెండే సందర్భాలు మిగులుతాయి. ఒకటి, మొదటిసారి చేసేవాళ్లు. చేతులు కాలకుండా ఎవరూ నేర్చుకోరు, 12 పౌండ్లతో కాలితే నొప్పి తక్కువ. రెండు, ఏ మార్పు ఏం చేస్తుందో చూడాలన్న దురద ఉన్నవాళ్లు. నాది ఆ రెండో జబ్బు.

అంగట్లో సగం ధరకు పెట్టేసినప్పుడు రెండు చవక డబ్బాలు కలిపి చక్కెర లేకుండా చేసే దారి కూడా ఉంది. చేదు రెట్టింపవుతుంది, అది కావాలనుకునే రకాలకే పనికొస్తుంది.

ఏ రకం డబ్బా తీసుకోవాలి?

స్టౌట్ అనే నల్లటి బీరు, లేదా బిట్టర్ అనే ఇంగ్లిష్ బీరులో ముదురు రంగుది. వేయించిన మాల్ట్ ఘాటు చిన్న చిన్న లోపాలను కప్పేస్తుంది, పచ్చిపులుసులో ఎండుమిర్చి కాల్చి వేసినట్టు. 'లాగర్' (చలిలో పులియబెట్టే లేత రంగు బీరు) అని రాసిన డబ్బా మాత్రం మొదటిసారి వద్దు. అసలైన లాగర్ ఈస్ట్‌కు 10 నుంచి 13 డిగ్రీల చలి కావాలి, వారాల తరబడి. అందుకని చవక లాగర్ డబ్బాల్లో చాలావాటిలో ఏల్ ఈస్ట్‌నే పెడతారు. పల్చటి, లేత రంగు బీరులో ఏ తప్పు చేసినా పైకి కనిపిస్తుంది. మనవాళ్లేమో ఇంటి దగ్గర అలవాటైన రుచి అదే గనక సరిగ్గా అదే కొంటారు.

కొనేటప్పుడు తేదీ చూడండి. డబ్బా సొట్టపోయి ఉంటే, పైకప్పు ఉబ్బి ఉంటే వదిలేయండి.

చక్కెరకు బదులు మన చిత్తూరు బెల్లం వేస్తే?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. నేనే వేశాను గనక. లెస్టర్‌లో మన సరుకుల అంగళ్లకు కొదవ లేదు. బెల్లం దిమ్మె కనిపించేసరికి చిత్తూరు మండీ వాసన గుర్తొచ్చి కిలో కొన్నాను. మొత్తం కిలో వేశాను, అది నా తప్పు. బెల్లం కూడా ముప్పాతిక భాగానికి పైగా చక్కెరే. తీపి మొత్తం ఈస్ట్ తినేసింది. తీపి పోయాక బెల్లంలో మిగిలేది ఏమిటో అప్పుడు తెలిసింది. అడుగంటిన పాకం వాసన, కాస్త ఉప్పదనం, నాలుక చివర మొరటుగా తగిలే ఏదో. మూడు నెలలు సీసాలో ఉంచాక ఫర్వాలేదనిపించింది.

రెండోసారి స్టౌట్ డబ్బాలో 200 గ్రాములు వేశాను. అది బాగుంది. నిజానికి చాలా బాగుంది. నల్లటి బెల్లం తీసుకోండి. తెల్లగా మెరిసేది హైడ్రోస్ అనే, రంగు పోగొట్టే రసాయనం కలిపి తేల్చినది కావచ్చు. నీళ్లలో కరిగించి, మరిగించి, గుడ్డలో వడగట్టి వేయాలి. చెరకు పీచు, ఇసుక ఎంత వస్తాయో చూస్తే పొంగలిలో కూడా వడగట్టే వేస్తారు ఇకమీదట.

ఎంత వేడి ఉండాలి?

18 నుంచి 21 డిగ్రీలు. ఈ ఒక్క సంగతి దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు.

మనం తిరుపతి వాళ్లం. మే నెలలో 40 దాటే ఊరు. పిండి రుబ్బి పెడితే తెల్లారేసరికి గిన్నె మీదికి పొంగి గట్టు మీద కారుతుంది. ఆ లెక్కలోనే పెరిగాం. నేను మొదటి బకెట్ నవంబరులో పెట్టాను. బయట 4 డిగ్రీలు. అమ్మకు ఫోన్‌లో బీరని చెప్పలేదు. పిండి పులవడం లేదని చెప్పాను. 'దుప్పటి చుట్టి వెచ్చగా పెట్టు నాయనా' అంది. దుప్పటి చుట్టి రేడియేటర్ పక్కన పెట్టాను. రెండు రోజుల్లో బ్రహ్మాండంగా పొంగింది. బకెట్ మూత గుండా నురగ తివాచీ మీదికి వచ్చింది. థర్మామీటర్ పెడితే 29.

అలా వేడిలో పులిసిన బీరుకు మగ్గిన అరటిపండు వాసన, గోళ్లరంగు తుడిచే మందు వాసన వస్తాయి. ఒక గ్లాసుకే తల పట్టేస్తుంది. డబ్బా చవకదని తిట్టుకున్నాను. తప్పు డబ్బాది కాదు. అదే రకం డబ్బాను ఫిబ్రవరిలో మెట్ల కింద అరలో 19 డిగ్రీల దగ్గర పెడితే పక్కింటి ఇంగ్లిష్ ముసలాయన రెండో గ్లాసు అడిగాడు. ఇంకో సంగతి, పులిసేటప్పుడు బకెట్ లోపల తనంతట తానే రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. గది 20 ఉంటే లోపల 20 కాదు.

ఎండాకాలంలో పెద్ద తొట్టిలో నీళ్లు పోసి అందులో బకెట్ పెట్టి, పాత తడి బనియన్ తొడగండి. మన మట్టికుండ చల్లదనమే.

శుభ్రం అంటే ఎంత శుభ్రం?

మడి అంత. అవ్వ ఆవకాయ జాడీని ఎలా చూసేదో అలా చూడాలి. తడి చెయ్యి తగలకూడదు, ఎంగిలి గరిటె తగలకూడదు. తోమడం వేరు, క్రిములు చంపడం వేరు. ముందు తోమి, తర్వాత బీరు చేసేవాళ్లు వాడే, కడగనక్కర్లేని శానిటైజర్‌తో తడపాలి. బకెట్, మూత, గరిటె, ట్యూబ్, సీసాలు అన్నీ. బ్లీచ్ వాడితే బోలెడు నీళ్లతో కడిగేయాలి. క్లోరిన్ మిగిలిందంటే బీరుకు ఆస్పత్రి కట్టుగుడ్డ వాసన వస్తుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎక్కువగా తగిలే ఊళ్లలో దాన్ని పోగొట్టే క్యామ్డెన్ మాత్ర ఒకటి 23 లీటర్లకు సరిపోతుంది, సగం వేసినా చాలు.

ఇది తాగితే కళ్లు పోతాయా? అమ్మ భయపడుతోంది.

పోవు. బార్లీని పులియబెడితే మిథనాల్ లెక్కలోకి రానంతే వస్తుంది. కల్తీ సారా తాగి జనం చనిపోయే ఘోరాల్లో చాలావరకు పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ను అందులో కలపడమే కారణం. కానీ పులిసినదాన్ని మళ్లీ కాచి ఆవిరి పట్టే పని, అంటే బట్టీ పెట్టే పని, ఎప్పుడూ చేయకండి. నిప్పు ప్రమాదం అలా ఉంచితే, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ కూడా లైసెన్సు లేకుండా అది నేరమే.

నిజమైన ప్రమాదం సీసాల్లో ఉంది. పులియడం పూర్తికాకముందే మూత బిగిస్తే, లేదా నురగ కోసం సీసాలో వేసే చక్కెర ఎక్కువైతే గ్యాస్ పెరిగి సీసా పేలుతుంది. నాకు ఒకటి అర్ధరాత్రి పేలింది. గాజు ముక్క అల్మారా చెక్కలో దిగింది. అరలీటరు సీసాకు 3 గ్రాముల చక్కెర చాలు. చెంచాతో కాకుండా చిన్న తూకంతో కొలవండి. మొదటిసారి ప్లాస్టిక్ సోడా సీసాలే వాడండి. నొక్కి చూస్తే గ్యాస్ ఎంత ఎక్కిందో చేతికే తెలుస్తుంది.

ఇంకో కిలో చక్కెర వేస్తే స్ట్రాంగ్ అవుతుందిగా?

అవుతుంది. మన దగ్గర స్ట్రాంగ్ బీరంటే 8 శాతం దాకా ఉంటుంది గనక కిట్ బీరు 'ఏమీ ఎక్కలేదు' అని పిల్లల ఫిర్యాదు. కాగితం ప్రకారం చేస్తే 3.7 శాతం దగ్గర ఆగుతుంది. రెండో కిలో చక్కెరతో మీరు చేసేది బీరు కాదు, గ్యాస్ ఎక్కించిన చక్కెర కల్లు. నేను పోసిచ్చినా తాగను.

పూర్తిగా శాకాహారమేనా? మేం శనివారం ఉల్లిపాయ కూడా తినం.

మాల్ట్, హాప్స్, ఈస్ట్, నీళ్లు శాకాహారమే. చూడాల్సింది తేట పరచడానికి ఇచ్చే పొట్లాన్ని. ఫైనింగ్స్ అంటారు. కొన్నిటిలో ఐసింగ్లాస్ ఉంటుంది, అది చేప గాలితిత్తి నుంచి తీసేది. కొన్నిటిలో జెలటిన్. చవక డబ్బాలో ఈ పొట్లం తరచుగా ఉండదు, ఉంటే వాడకండి. రెండు వారాలు కదపకుండా చల్లటి చోట ఉంచితే దానంతటదే తేరుకుంటుంది. శనివారం తాగొచ్చా అన్నది నన్ను అడగొద్దు.

మూడో రోజే బుడగలు ఆగిపోయాయి. పాడైపోయిందా? సీసాల్లో పోసేయనా?

సగం ఫోన్లు ఇవే, అదీ మన టైము ప్రకారం తెల్లవారుజామున. పాడవలేదు. టెన్షన్ వద్దు. మూత సరిగ్గా బిగుసుకోకపోతే గ్యాస్ పక్కల నుంచి పోతుంది, మూతకు పెట్టే ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను నీళ్ల గుండా బయటికి వదిలే చిన్న గొట్టం) బుడగ కనపడదు. బుడగలను నమ్మకండి, హైడ్రోమీటర్‌ను నమ్మండి. బీరులో తేలేసి దాని చిక్కదనం చూసే గాజు గొట్టం అది. కాగితం ప్రకారం చేస్తే, మొదలుపెట్టినప్పుడు 1.036 ఉన్నది 1.008 దగ్గరికి దిగాలి. ఆ రెండిటి తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. ఇవాళ ఒకసారి చూడు, ఎల్లుండి ఒకసారి చూడు. రెండుసార్లూ అంకె అదే ఉంటేనే సీసాల్లోకి. ఒక్క గీత దిగినా ఇంకో నాలుగు రోజులు ఆ బకెట్ జోలికి వెళ్లకు.